స్వయంప్రతిపత్త ఆయుధాల నియంత్రణ

స్వయంప్రతిపత్త ఆయుధాలు అనగా, ఒకసారి ప్రయోగించిన తరువాత లేదా పనిలో పెట్టిన తరువాత, మనిషి మళ్ళీ కల్పించుకోకుండానే లక్ష్యాన్ని తామే వెదికి, ఎంచుకొని, దాడి చేయగల ఆయుధాలు. సైన్యంలో కృత్రిమ మేధ వినియోగం పెరిగిన కొద్దీ ఇటువంటి ఆయుధాలకు ఏ హద్దులు ఉండాలన్న ప్రశ్న అంతర్జాతీయ న్యాయంలో ముఖ్య చర్చనీయాంశమైనది. ఒక మనిషిని చంపాలన్న నిర్ణయాన్ని యంత్రానికి అప్పగించవచ్చునా, పొరపాటు జరిగితే ఎవరు బాధ్యులు అన్నవి ఈ చర్చలోని మూల ప్రశ్నలు. 2014 నుండి జెనీవాలో ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో ఈ విషయమై సమావేశాలు జరుగుతున్నాయి.

తెలుగు ప్రాంతాలకు ఈ చర్చతో దగ్గరి సంబంధం ఉన్నది. భారతదేశపు క్షిపణులు, టార్పెడోలు, సముద్రపు మైన్లు, లేజర్ ఆయుధాలు, కొన్ని రకాల డ్రోన్లు హైదరాబాదు, విశాఖపట్నం నగరాలలో రూపొందుతున్నాయి. వాటిలో కొన్నింటి పరీక్షలు కర్నూలు సమీపంలో జరుగుతున్నాయి.

నిర్వచనం

స్వయంచాలకం, స్వయంప్రతిపత్తం అనే రెండు మాటల మధ్య తేడా ఉన్నది. ముందుగా నిర్ణయించిన ఒక సంకేతానికి ఎప్పుడూ ఒకే విధంగా స్పందించేది స్వయంచాలక యంత్రం. కాలు పడగానే పేలే మందుపాతర దీనికి ఉదాహరణ. పరిసరాల నుండి సమాచారం సేకరించి, దానిని పోల్చి చూసి, అనేక లక్ష్యాలలో ఒకదానిని ఎంచుకొనేది స్వయంప్రతిపత్త యంత్రం. ఆచరణలో ఈ రెండింటి మధ్య స్పష్టమైన గీత లేదు. అందరు సభ్యులూ అంగీకరించిన నిర్వచనం జెనీవా చర్చలలో కుదరకపోవడానికి ఇదొక కారణం.

రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ నిర్వచనం ప్రకారం, మానవ ప్రమేయం లేకుండా లక్ష్యాన్ని ఎంచుకొని దానిపై బలప్రయోగం చేసే ఆయుధమే స్వయంప్రతిపత్త ఆయుధం. అనగా ఆయుధాన్ని వాడిన వ్యక్తికి అది సరిగ్గా దేనిని, ఏ క్షణాన, ఏ చోట కొడుతుందో ముందుగా తెలియదు.

మనిషి పాత్రను బట్టి ఆయుధ వ్యవస్థలను సాధారణంగా మూడు తరగతులుగా చెబుతారు.

1. నిర్ణయం మనిషిదే అయినవి: యంత్రం లక్ష్యాన్ని చూపుతుంది, మనిషి అనుమతిస్తేనే దాడి జరుగుతుంది. దూరం నుండి పైలట్ నడిపే సాయుధ డ్రోన్లు ఈ తరగతికి చెందినవి.
2. మనిషి పర్యవేక్షణలో ఉన్నవి: యంత్రం తనంతట తాను దాడి చేస్తుంది, మనిషి చూస్తూ ఉండి అవసరమైతే ఆపవచ్చును. యుద్ధనౌకలను క్షిపణుల నుండి కాపాడే ఫాలాంక్స్ వంటి తుపాకులను ఈ విధంగా వాడవచ్చును.
3. మనిషి ప్రమేయం లేనివి: ప్రయోగించిన తరువాత మనిషి ఆపలేడు, లక్ష్యాన్ని మార్చలేడు.

ఒకే ఆయుధాన్ని సందర్భాన్ని బట్టి వేర్వేరు తరగతులలో వాడవచ్చును. కాబట్టి నియంత్రణ అనేది ఆయుధం పేరును బట్టి కాక, ఏ నిర్ణయాన్ని దానికి వదిలిపెట్టారు అన్నదానిని బట్టి ఉండాలని పలువురు న్యాయ నిపుణులు భావిస్తారు.

పూర్వపు ఒప్పందాలు

మనిషి చేయి దాటిన ఆయుధాన్ని చట్టంతో కట్టడి చేయాలన్న ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. 1907లో హేగ్ నగరంలో కుదిరిన ఎనిమిదవ ఒడంబడిక సముద్రపు మైన్లకు, టార్పెడోలకు సంబంధించినది. లంగరు వేయకుండా నీటిలో వదిలిన మైను, దానిని వదిలినవారి అదుపు తప్పిన తరువాత గంటలోపు నిర్వీర్యం కావలెను. లంగరు తెంచుకొన్న మైను వెంటనే నిర్వీర్యం కావలెను. గురి తప్పిన టార్పెడో కూడా నిర్వీర్యం కావలెను. నేటి చర్చలో ప్రధానమైన "మానవ అదుపు", "కాల పరిమితి" అనే రెండు భావాలూ ఆ నిబంధనలలోనే కనబడతాయి.

1980లో కొన్ని సాంప్రదాయిక ఆయుధాల ఒడంబడిక ఆమోదించబడి, 1983లో అమలులోకి వచ్చినది. దీనికి అనుబంధంగా వేర్వేరు ఆయుధాలపై వేర్వేరు ప్రొటోకాళ్ళు ఉన్నాయి. మందుపాతరలపై రెండవ ప్రొటోకాల్ 1996లో సవరించబడినది. 1995లో ఆమోదం పొందిన నాలుగవ ప్రొటోకాల్, శాశ్వతంగా చూపు పోగొట్టడానికే తయారుచేసిన లేజర్ ఆయుధాలను నిషేధించినది. యుద్ధరంగంలో వ్యాప్తిలోకి రాకముందే ఒక ఆయుధాన్ని నిషేధించిన అరుదైన సందర్భంగా దీనిని పేర్కొంటారు. భారతదేశం ఈ ఒడంబడికలోను, పై రెండు ప్రొటోకాళ్ళలోను సభ్యురాలు. అయితే మనుషులపై వాడే మందుపాతరలను పూర్తిగా నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందంలో చేరలేదు.

తెలుగు ప్రాంతాలలో పరిశోధన, ఉత్పత్తి

హైదరాబాదు: 1970లో స్థాపించబడిన భారత్ డైనమిక్స్ సంస్థకు, రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు (డీఆర్‌డీఓ) చెందిన డీఆర్‌డీఎల్, రీసెర్చ్ సెంటర్ ఇమారత్ మొదలైన ప్రయోగశాలలకు ఈ నగరం కేంద్రం. 1983లో ఏ.పి.జె. అబ్దుల్ కలాం నాయకత్వంలో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమం ఇక్కడినుండే నడిచినది. ఆ కార్యక్రమంలో భాగంగా మొదలైన నాగ్, యుద్ధట్యాంకులపై వాడే ఫైర్ అండ్ ఫర్గెట్ తరగతి క్షిపణి. సైనికుడు ప్రయోగానికి ముందే లక్ష్యాన్ని గుర్తించి ఎంచుకొంటాడు. ఆ తరువాత క్షిపణి పరారుణ చిత్రం ఆధారంగా దానిని తానే వెంబడిస్తుంది. ఇక్కడ లక్ష్యాన్ని ఎంచుకొన్నది మనిషి, దానిని చేరుకొనే పని మాత్రమే యంత్రానిది. అందువలన దీనిని సాధారణంగా స్వయంప్రతిపత్త ఆయుధంగా లెక్కించరు.

2018 డిసెంబరులో అదానీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సంస్థల ఉమ్మడి డ్రోన్ల కర్మాగారం హైదరాబాదులో ప్రారంభమైనది. 2024 జనవరిలో దృష్టి-10 అనే నిఘా డ్రోన్ ఇక్కడినుండి భారత నౌకాదళానికి అందినది.

విశాఖపట్నం: 1969లో ఏర్పడిన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీ నీటి అడుగు ఆయుధాలపై పనిచేస్తుంది. ఇక్కడ రూపొందిన వరుణాస్త్ర టార్పెడోను 2016లో నౌకాదళానికి అందజేశారు. నీటిలోకి వదిలిన తరువాత ఇది ధ్వని తరంగాల ఆధారంగా జలాంతర్గామిని వెదుకుతుంది. ఇదే ప్రయోగశాల రూపొందించిన మల్టీ ఇన్‌ఫ్లుయెన్స్ గ్రౌండ్ మైన్ అనే సముద్రపు మైనును డీఆర్‌డీఓ, నౌకాదళం కలిసి పరీక్షించిన విషయం 2025 మే 5న ప్రకటించబడినది. సముద్రం అడుగున పడి ఉండి, పైన వెళ్ళే ఓడల వలన కలిగే పలు రకాల మార్పులను గ్రహించి పేలే ఆయుధమిది. ఏ ఓడ ఎప్పుడు వస్తుందో దానిని అమర్చినవారికి ముందుగా తెలియదు. రెడ్‌క్రాస్ నిర్వచనాన్ని అక్షరాలా అన్వయిస్తే, కృత్రిమ మేధతో నిమిత్తం లేకుండానే ఇటువంటి మైను స్వయంప్రతిపత్త ఆయుధానికి దగ్గరగా వస్తుంది.

కర్నూలు: ఈ నగర సమీపంలో డీఆర్‌డీఓకు చెందిన నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ అనే పరీక్షా కేంద్రం ఉన్నది. 2025 ఏప్రిల్ 13న ఇక్కడ వాహనంపై అమర్చిన లేజర్ ఆయుధం ఒక స్థిరరెక్కల డ్రోనును, డ్రోన్ల గుంపును పడగొట్టినట్లు డీఆర్‌డీఓ ప్రకటించినది. హైదరాబాదులోని సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్ దీనిని రూపొందించినది. యంత్రాలను కూల్చే లేజర్ కాబట్టి చూపు పోగొట్టే లేజర్లపై ఉన్న నిషేధం దీనికి వర్తించదు. 2025 జులైలో డ్రోన్ నుండి ప్రయోగించే యూఎల్‌పీజీఎం-వీ3 అనే చిన్న క్షిపణి పరీక్ష కూడా ఈ కేంద్రంలోనే జరిగినది.

పౌర, సైనిక పరిజ్ఞానాల మధ్య గోడ పలుచనిది అనడానికి ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితం ఉదాహరణగా నిలుస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి కృత్రిమ మేధ ఆద్యులలో ఒకరు. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించినది. మనిషి మాటను కంప్యూటరు గుర్తించే విధానంపై 1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం చేసిన పరిశోధనకు నిధులు ఇచ్చినది అమెరికా రక్షణ శాఖకు చెందిన పరిశోధనా సంస్థ. ఆ పరిశోధన ఫలితాలు నేడు పౌర జీవితంలో విరివిగా ఉపయోగపడుతున్నాయి. పరిశోధనను ఆపకుండా, దాని ఒక ఉపయోగాన్ని మాత్రమే కట్టడి చేయడం ఎలా అన్నది ఈ రంగంలో చట్టాలు చేసేవారు ఎదుర్కొనే చిక్కు.

వాదాలు

నిషేధాన్ని లేదా కఠిన నియంత్రణను కోరేవారి వాదనలు ఇవి.

* బాధ్యత: యంత్రం పౌరులను చంపితే, దానిని తయారుచేసిన ఇంజనీరు, కొన్న ప్రభుత్వం, ప్రయోగించిన అధికారి ముగ్గురిలో ఎవరికీ ఆ నిర్ణయాన్ని పూర్తిగా ఆపాదించలేని స్థితి ఏర్పడవచ్చును. యంత్రాన్ని కోర్టు బోనులో నిలబెట్టలేము.
* విచక్షణ: యోధుడికి, పౌరుడికి మధ్య తేడా గుర్తించవలెనన్నది యుద్ధ న్యాయంలో మొదటి సూత్రం. లొంగిపోతున్న సైనికుడిపై, గాయపడి పోరాడలేని వాడిపై దాడి చేయరాదు. వీటిని గుర్తించడానికి సందర్భజ్ఞానం కావలెను.
* మానవ గౌరవం: మనిషి ప్రాణాన్ని కేవలం సమాచారపు లెక్కగా చూడడం గౌరవానికి భంగమని వీరు అంటారు.
* వ్యాప్తి: చవకైన ఆయుధాలు ఉగ్రవాద ముఠాల చేతికి చిక్కే ప్రమాదం ఉన్నది.

ముందస్తు నిషేధాన్ని వ్యతిరేకించేవారి వాదనలు ఇవి.

* క్షిపణిని లేదా డ్రోన్ల గుంపును ఎదుర్కొనే వేళ మనిషి అనుమతికి ఆగే వ్యవధి ఉండదు. 2025 ఆగస్టు 23న ఒడిశా తీరంలో పరీక్షించిన సమీకృత గగనతల రక్షణ వ్యవస్థ మూడు లక్ష్యాలను ఒకేసారి ఎదుర్కొన్నది. దాని కేంద్రీకృత కమాండ్, కంట్రోల్ భాగాన్ని హైదరాబాదులోని డీఆర్‌డీఎల్ రూపొందించినది.
* భయం, కోపం, అలసట లేని యంత్రం కొన్ని సందర్భాలలో మనిషికన్నా తక్కువ తప్పులు చేయవచ్చును.
* ఉన్న యుద్ధ న్యాయం అన్ని ఆయుధాలకూ వర్తిస్తుంది. దానిని సరిగా అమలు చేస్తే చాలును.

పర్యవేక్షణకు మనిషి ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగిపోదని అనుభవం చెబుతున్నది. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధ సమయాన అమెరికా సైన్యానికి చెందిన పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ, మిత్రదేశమైన బ్రిటన్ యొక్క టోర్నడో విమానాన్ని శత్రు క్షిపణిగా పొరబడినది. ఆ దాడిలో ఇద్దరు వైమానికులు మరణించారు. యంత్రం చెప్పిన దానిని కాదనడానికి సిబ్బందికి తగిన సమాచారం, వ్యవధి లేనప్పుడు మనిషి అనుమతి నామమాత్రంగా మారవచ్చును.

అంతర్జాతీయ చర్చలు

2012 నవంబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ పూర్తి స్వయంప్రతిపత్త ఆయుధాలను ముందుగానే నిషేధించాలని కోరుతూ నివేదిక ప్రచురించినది. 2013లో పలు స్వచ్ఛంద సంస్థలు కలిసి "కిల్లర్ రోబోలను ఆపండి" అనే ప్రచారోద్యమాన్ని ప్రారంభించాయి. సాంప్రదాయిక ఆయుధాల ఒడంబడిక సభ్యదేశాలు 2014 నుండి మూడేళ్ళపాటు అనధికారికంగా చర్చించి, ఆ తరువాత ప్రభుత్వ నిపుణుల బృందాన్ని ఏర్పాటు చేశాయి. ఈ బృందం 2017 నవంబరులో మొదటిసారి సమావేశమైనది. 2017, 2018 సంవత్సరాలలో దీనికి అధ్యక్షత వహించినది భారత దౌత్యవేత్త అమన్‌దీప్ సింగ్ గిల్.

2019లో సభ్యదేశాలు 11 మార్గదర్శక సూత్రాలను ఆమోదించాయి. అంతర్జాతీయ మానవతా న్యాయం ఈ ఆయుధాలన్నింటికీ వర్తిస్తుందని, ఆయుధ ప్రయోగ నిర్ణయాలకు బాధ్యత మనిషిదేనని, ఆ బాధ్యతను యంత్రానికి బదలాయించరాదని ఇవి చెబుతాయి. ఇవి సూత్రాలే గాని, ఉల్లంఘిస్తే శిక్ష విధించే చట్టం కాదు.

2021లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ రెండు నిషేధాలను ప్రతిపాదించినది. ఫలితాన్ని ముందుగా అంచనా వేయలేని ఆయుధాలను, మనుషులనే లక్ష్యంగా చేసుకొనే స్వయంప్రతిపత్త ఆయుధాలను నిషేధించవలెను. మిగిలినవాటికి లక్ష్యాల రకం, వాడే ప్రదేశం, కాలం, మానవ పర్యవేక్షణ విషయాలలో హద్దులు విధించవలెను. 2023 అక్టోబరులో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్, రెడ్‌క్రాస్ కమిటీ అధ్యక్షురాలు మిర్యానా స్పోల్యారిచ్ కలిసి, 2026 నాటికి చట్టబద్ధ ఒప్పందం కుదుర్చుకోవాలని దేశాలను కోరారు.

జెనీవాలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరగాలి గనుక ఒక్క దేశం కాదన్నా ముందడుగు పడదు. ఈ కారణంగా చర్చ కొంతవరకు న్యూయార్కులోని సర్వప్రతినిధి సభకు మళ్ళినది. అక్కడ ఓటింగు ద్వారా తీర్మానాలు నెగ్గుతాయి, కాని అవి దేశాలను చట్టపరంగా బంధించవు. ఇవి కాక 2023 ఫిబ్రవరిలో హేగ్, 2024 సెప్టెంబరులో సియోల్ నగరాలలో సైనిక రంగంలో కృత్రిమ మేధను బాధ్యతగా వాడడంపై శిఖరాగ్ర సమావేశాలు జరిగాయి.

భారతదేశ వైఖరి

సాంప్రదాయిక ఆయుధాల ఒడంబడికయే ఈ చర్చకు తగిన వేదిక అని భారత్ చెబుతూ వచ్చినది. ప్రధాన సైనిక శక్తులన్నీ అందులో ఉన్నాయని, సమాంతర వేదికల వలన చర్చ చీలిపోతుందని దీని వాదన. అందరూ అంగీకరించే నిర్వచనమే లేనప్పుడు చట్టబద్ధ ఒప్పందం తొందరపాటు అవుతుందని, పరిజ్ఞానాన్నే దోషిగా చూపరాదని కూడా భారత్ అభిప్రాయపడినది.

2023 డిసెంబరు 22న స్వయంప్రతిపత్త ఆయుధాలపై సర్వప్రతినిధి సభ తీర్మానానికి అనుకూలంగా 152, వ్యతిరేకంగా 4 ఓట్లు రాగా, 11 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. వ్యతిరేకించినవి భారత్, రష్యా, బెలారస్, మాలి. 2024 డిసెంబరులో ఇదే విషయంపై వచ్చిన మరో తీర్మానం 166 ఓట్లతో నెగ్గినది. ఈసారి వ్యతిరేకించిన మూడు దేశాలు రష్యా, బెలారస్, ఉత్తర కొరియా. హేగ్, సియోల్ సమావేశాలలో వెలువడిన పత్రాలకు భారత్ ఆమోదం తెలుపలేదు.

ఈ వైఖరికి భద్రతాపరమైన నేపథ్యం ఉన్నది. చైనా, పాకిస్తాన్ సరిహద్దులలో వివాదాలు, పొరుగు సైన్యాల ఆధునికీకరణ భారత విధానాన్ని ప్రభావితం చేస్తున్నాయి. 2025 మే నెలలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య జరిగిన ఘర్షణలో రెండు పక్షాలూ డ్రోన్లను పెద్దయెత్తున వాడాయి. భారత్ వాడినవాటిలో లక్ష్యం కోసం ఆకాశంలో చక్కర్లు కొట్టి, ఆపై దానిపై పడి పేలే డ్రోన్లు కూడా ఉన్నాయి. విమర్శకులు మాత్రం, నియమాలు రూపొందే దశలో బయట ఉన్న దేశానికి ఆ నియమాల రూపురేఖలపై మాట చెల్లదని అంటారు. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం అనుభవాన్ని వారు ఉదాహరిస్తారు. అప్పటికే అణ్వస్త్రాలు పరీక్షించిన దేశాలకు ఒక నియమం, మిగిలినవారికి మరొక నియమం ఆ ఒప్పందంలో ఏర్పడినది. భారత్ నేటికీ అందులో చేరలేదు.

దేశీయ ఏర్పాట్లు

* 2018లో టాటా సన్స్ అధ్యక్షుడు ఎన్. చంద్రశేఖరన్ నాయకత్వంలో రక్షణ రంగంలో కృత్రిమ మేధపై కార్యాచరణ బృందం ఏర్పడి, అదే ఏడాది సిఫారసులు చేసినది.
* 2019లో రక్షణ మంత్రి అధ్యక్షతన డిఫెన్స్ ఏఐ కౌన్సిల్, దానికి తోడుగా డిఫెన్స్ ఏఐ ప్రాజెక్ట్ ఏజెన్సీ ఏర్పడ్డాయి.
* 2022 జులైలో రక్షణ మంత్రిత్వ శాఖ కృత్రిమ మేధ ఆధారిత ఉత్పత్తులు 75 విడుదల చేసినది.
* 2024 అక్టోబరులో త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ విశ్వసనీయ కృత్రిమ మేధ మూల్యాంకన చట్రాన్ని విడుదల చేశారు. విశ్వసనీయత, భద్రత, పారదర్శకత, నిష్పక్షపాతం, గోప్యత ఇందులోని ప్రధానాంశాలు.

యుద్ధ న్యాయానికి సంబంధించి భారత్‌లో 1960 నాటి జెనీవా ఒడంబడికల చట్టం అమలులో ఉన్నది. కొత్త ఆయుధం న్యాయసమ్మతమో కాదో ముందే పరిశీలించాలని 1977 నాటి మొదటి అదనపు ప్రొటోకాల్ 36వ అధికరణం నిర్దేశిస్తుంది. అయితే భారత్ ఈ ప్రొటోకాల్‌లో చేరలేదు.

ఆయుధాల ఎగుమతికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. స్కోమెట్ అనే జాబితాలో ఉన్న సైనిక వస్తువులను, ద్వంద్వ ప్రయోజనం గల వస్తువులను లైసెన్సు లేకుండా విదేశాలకు పంపరాదు. 2024లో హైదరాబాదులో తయారైన డ్రోన్లు ఇజ్రాయెల్‌కు ఎగుమతి అయినట్లు వార్తలు వచ్చాయి. అవి దూరం నుండి పైలట్ నడిపే తరగతివి. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతిని ఆపాలని కోరుతూ దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 9న కొట్టివేసినది. విదేశాంగ విధానం ప్రభుత్వ పరిధిలోనిదని కోర్టు పేర్కొన్నది.

తనిఖీ సమస్య

ఒప్పందం కుదిరినా, దానిని దేశాలు పాటిస్తున్నాయో లేదో తెలుసుకొనడం కష్టం. అణుశక్తి రంగంతో పోల్చి చూస్తే ఈ కష్టం స్పష్టమవుతుంది. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. ఇక్కడ ముడి ఖనిజాన్ని క్షార పద్ధతిలో శుద్ధి చేసి సోడియం డైయురేనేట్‌గా మారుస్తారు. అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ హైదరాబాదులో ఉన్నది. గని నుండి రియాక్టరు వరకు యురేనియం ఒక పదార్థం. దానిని తూచవచ్చును, లెక్క వ్రాయవచ్చును, ముద్ర వేయవచ్చును. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తన పర్యవేక్షణలో ఉన్న కేంద్రాలలో చేసే తనిఖీకి ఈ లెక్కలే ఆధారం.

స్వయంప్రతిపత్త ఆయుధంలో అసలు విషయం సాఫ్ట్‌వేరులో ఉంటుంది. మనిషి అనుమతి కోరే డ్రోనును, కోరని డ్రోనును పక్కపక్కన పెడితే బయటికి తేడా కనబడదు. అనుమతి కోరే మెట్టును ప్రోగ్రాంలో ఒక చిన్న మార్పుతో తొలగించవచ్చును. అందువలన యంత్రాల సంఖ్యను లెక్కించే తనిఖీ ఇక్కడ సరిపోదు. దాడి సమయంలో యంత్రం ఏమి చూసినది, మనిషికి ఏమి చూపినది, మనిషి ఏమని ఆదేశించాడు అన్న వివరాలను చెరపలేని విధంగా భద్రపరచి, పొరపాటు జరిగినప్పుడు విచారణకు అందించాలన్నది ఒక ప్రతిపాదన. విమానాలలోని బ్లాక్ బాక్స్ వంటిది ఇది.

మానవ నియంత్రణకు కొలమానాలు

"అర్థవంతమైన మానవ నియంత్రణ" అన్న మాట ఈ చర్చలలో తరచుగా వినబడుతుంది. అమెరికా రక్షణ శాఖ 2012లో జారీచేసి 2023లో సవరించిన ఆదేశంలో "తగిన స్థాయి మానవ విచక్షణ" అన్న మాట ఉన్నది. మాట ఏదైనా, మనిషి నియంత్రణ నిజమైనదా నామమాత్రమా అని తెలుసుకొనడానికి ఈ క్రింది ప్రశ్నలు ఉపయోగపడతాయి.

* లక్ష్యం ఏమిటో, చుట్టుపక్కల పౌరులు ఉన్నారో లేరో తెలుసుకొనే సమాచారం ఆ మనిషి వద్ద ఉన్నదా?
* ఆలోచించి నిర్ణయించే వ్యవధి అతనికి ఉన్నదా?
* యంత్రం సూచనను తిరస్కరించే అధికారం, దాడిని మధ్యలో ఆపే సాధనం ఉన్నాయా?
* ఆయుధం పనిచేసే ప్రదేశానికి, కాలానికి ముందే హద్దులు పెట్టారా?
* తరువాత విచారణ జరిగితే ఆ నిర్ణయానికి జవాబు చెప్పే అధికారి ఎవరో ముందే తెలుసా?

అణ్వస్త్రాల విషయంలో భారత్ ఈ చివరి ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇచ్చినది. 2003 జనవరి 4న ప్రకటించిన వ్యవస్థ ప్రకారం, ప్రధానమంత్రి అధ్యక్షతన గల రాజకీయ మండలి మాత్రమే అణ్వస్త్ర ప్రయోగానికి అనుమతి ఇవ్వగలదు. 2024 నవంబరులో అమెరికా, చైనా అధ్యక్షులు కూడా అణ్వస్త్ర ప్రయోగ నిర్ణయం మనిషి అదుపులోనే ఉండాలని అంగీకరించారు. సాంప్రదాయిక ఆయుధాల విషయంలో ఇంత స్పష్టమైన ఉమ్మడి నియమం ఏదీ కుదరలేదు.

నిపుణుల బృందానికి ఆదేశం

2023 నవంబరులో ఒడంబడిక సభ్యదేశాలు నిపుణుల బృందానికి కొత్త ఆదేశం ఇచ్చాయి. భావి ఒప్పందంలో ఉండదగిన అంశాలను ఏకాభిప్రాయంతో రూపొందించి, 2026లో జరిగే ఏడవ సమీక్షా సమావేశానికి అందించాలన్నది దాని సారాంశం. ఆ ఒప్పందం ఏ రూపంలో ఉండాలన్నది ముందుగా నిర్ణయించలేదు. కొన్ని రకాల ఆయుధాలను నిషేధించి, మిగిలినవాటిని నియంత్రించాలన్న రెండంచెల పద్ధతికి అనేక దేశాల మద్దతు ఉన్నది. ఆయుధాలను తయారుచేసే దేశంగా భారత్, ఆ తయారీకి కేంద్రాలుగా హైదరాబాదు, విశాఖపట్నం ఈ నిర్ణయాల ప్రభావాన్ని నేరుగా ఎదుర్కొంటాయి. నిబంధనలు ఖరారైతే, మనిషి అనుమతి, కాల పరిమితి, నమోదు వంటి ఏర్పాట్లను ఆయుధపు నమూనా దశలోనే చేర్చవలసిన పని ఈ నగరాల ఇంజనీర్లపై పడుతుంది.

ఇవి కూడా చూడండి

* కృత్రిమ మేధ
* జెనీవా ఒడంబడికలు
* భారత్ డైనమిక్స్
* రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ
* రాజ్ రెడ్డి
* తుమ్మలపల్లె యురేనియం గని
* వేముల మండలం